ఏనుగు మూట

మెడల మాల ఉంది, ముంగట దీపం ఉంది. అయ్యప్ప మీద ఆన పెట్టి చెప్తున్న, ఇక్కడ రాసేదంత నిజం. ఒక్క ముక్క గూడ కల్పించింది కాదు. ఇంత గట్టిగ ఒట్టు పెట్టుకునుడు ఎందుకంటే, మా పటేల్‌గూడల నా మాట మీద ఎవ్వరికి నమ్మకం లేదు. అది వాళ్ల తప్పు గాదు.

ఫ్యాక్టరీల నేను రేకులు వంచే మిషిన్ మీద పని చేస్త. పెద్ద పెద్ద ట్యాంకులకు అరచెయ్యి మందం ఇనుప రేకులను గుండ్రంగ తిప్పుడు నా పని. పొద్దంత రేకులు తిప్పి, అన్నం టైముల ముచ్చట్లు తిప్పుత. ఒకసారి ట్యాంకుల నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, యాడన్న కారుతున్నదా అని చూస్తున్నం. ఒక్క చుక్క కారలే. ఎందుకు కారలేదంటే, లోపల కొండచిలువ పండుకొని తోకతోని బొక్కకు బిరడా వేసుకున్నదని క్యాంటీన్ల చెప్పిన. తనిఖీకి వచ్చిన సారు 'సర్టిఫికెట్ల పాము పేరు గూడ రాయాల్నా' అని అడిగిండని చెప్పిన. అందరు నవ్వుకుంట తిని లేచిపోయిండ్రు. ఒక్క బిహారీ వెల్డర్ మాత్రం నెల దినాలు ఏ పైపుల చెయ్యి పెట్టమన్నా పెట్టలే. "సాంప్ హై భయ్యా" అని దూరం జరిగేటోడు. సూపర్‌వైజర్ వానిమీద నారాజ్ అయిండు. నేను నవ్వుకున్న. అప్పుడన్న నాకు బుద్ధి రావాల్సి ఉండె.

పద్దెనిమిదిసార్లు మాల వేసి శబరిమల పోయివచ్చినోన్ని గురుస్వామి అంటరు. నేను అది దాటి ఇంకో నాలుగు మాలలు ఎక్కువే వేసిన. మాల వేసినోడు చెప్పులు తొడగొద్దు. బూట్లు లేనోన్ని ఫ్యాక్టరీల మిషిన్ కాడికి రానియ్యరు. అందుకే దీక్షల ఉన్న నలభై ఒక్క రోజులు మా స్వాములందరిని స్టోర్స్‌ల కూసోపెడ్తరు. నట్టులు, బోల్టులు సైజుల వారీగ ఏరుడు పని. నల్ల బట్టలు కట్టుకొని పది పన్నెండు మందిమి చుట్టూ కూసుంటే ఇగ ముచ్చట్లకు కొదవేముంది. దీక్షల అబద్ధం ఆడొద్దని అందరికి చెప్పేది నేనే. నేను చెప్పేటియి అబద్ధాలు కావు, ముచ్చట్లు అని నాకు నేను ఒక సర్టిఫికెట్ ఇచ్చుకున్న.

ఐదేండ్ల కిందటి మాట. ఇరవై రెండు మందిమి బస్సు మాట్లాడుకొని పోయినం. ఎరుమేలిల దిగి పెద్దపాదం తొవ్వ పట్టినం. ఒకటిన్నర రోజు నడక అది. తొవ్వ మొత్తం పులుల అభయారణ్యం నడిమిట్ల నుంచి పోతది. ఆ అడవి మన నర్సాపూర్ అడవి లెక్క కాదు. నర్సాపూర్‌ల ఎండకాలం మోదుగ చెట్ల సందులకెళ్లి ఎంత ఆకాశం కావాలంటే అంత కనవడ్తది. ఇక్కడ పట్టపగలు గూడ ఆకాశం కనవడదు. ఒక్కో చెట్టు మా ఫ్యాక్టరీల చుట్టే ట్యాంకంత లావు. చెట్టు మీద నాచు, నాచు మీద ఇంకో మొక్క, దాని వేర్లల్ల చీమలు. వాన ఆగినంక గూడ గంట సేపు ఆకుల మీదికెళ్లి చుక్కలు పడుతనే ఉంటయి. కాళ్లకు జలగలు పట్టుకుంటయి. పెద్ద ముక్కు పిట్ట ఒకటి రెక్కలు కొడితే, పాత ఫ్యాన్ తిరిగినట్టు చప్పుడు వస్తది. ఇరవై రెండుసార్లు పోయినా ఆ అడవిల నా గొంతు నాకే చిన్నగ వినిపిస్తది. అందుకేనేమో అక్కడ ఇంకింత ఎక్కువ మాట్లాడుత.

ఆ యేడు ఎరుమేలిల నేనే హుకుం చేసిన. ఇండ్లకెళ్లి తెచ్చుకున్న తినేటియన్ని ఒక్కతాన పెట్టాలె, పంచుకొని తినాలె, స్వాములల్ల నాది నీది లేదు అని. అందరు పెట్టిండ్రు. నేను గూడ ఒక అటుకుల పొట్లం పెట్టిన. మా ఆమె కట్టిచ్చిన మూడు కిలోల పల్లీ బెల్లం లడ్డూలు మాత్రం పంచెల చుట్టి సంచి అడుగున దాచిన.

కరిమల కొండ ఎక్కుతుంటే సంచి పట్టీ పుటుక్కున తెగింది. మూట దొర్లి పోయి వెనుక వచ్చే స్వామి కాళ్ల కాడ ఆగింది. ఆ స్వామి మా గల్లీలనే ఉంటడు. మా ఫ్యాక్టరీలనే క్రేన్ నడుపుతడు. మంచోడు గని మందు అలవాటు ఉండె. ఆ అలవాటుకే ఆయన భార్య ఏడ్చి, బతిమాలి, మొదటిసారి మాల వేయించింది. మొదటిసారి వచ్చినోన్ని కన్నెస్వామి అంటరు. కన్నెస్వామికి గురుస్వామి మాట అంటే వేదం.

"అబ్బో, బరువుంది. ఏముంది గురుస్వామీ దీంట్ల?" అని ముడి మీద చెయ్యి వేసిండు.

వెనుక ఇరవై మంది ఆగిండ్రు. అందరు నా దిక్కు చూస్తున్నరు. పొద్దున అటుకులు పిడికెడు పిడికెడు పంచుకొని తిన్న ముఖాలు. ఆ ముడి విప్పితే నా ఇజ్జత్ కరిమల మీదికెళ్లి కింద పంబ నది దాక దొర్లిపోతది.

"ముడి ముట్టకు స్వామీ," అన్న. "అది ఏనుగు మూట."

ఆ మాట నా నోట్లకెళ్లి ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు. వచ్చినంక ఇగ వెనుకకు చూడలే. ఎన్నో ఏండ్ల కింద ఇదే తావుల ఒంటి ఏనుగు తొవ్వకు అడ్డం నిలవడ్డదని, అప్పటి మా గురుస్వామి బెల్లం మూట కొమ్మకు కట్టి దండం పెట్టిండని, ఏనుగు మోకాళ్ల మీద వంగి, ముడిని తొండంతోని విప్పుకొని, ఒక్క పల్లీ కింద పడకుండ తిని పక్కకు జరిగిందని చెప్పిన. చెప్తుంటే నాకే ఏనుగు కనవడ్డది.

"మరి ముడి ఎందుకు విప్పొద్దు గురుస్వామీ?"

"ఇంటి మాత కట్టిన ముడి అది. మనిషి చెయ్యి విప్పొద్దు, ఏనుగే విప్పాలె. అట్లయితెనే మొక్కిన మొక్కు చెల్లుతది."

మూడు కిలోల లడ్డూలను నా చేతులతోని నేనే కొమ్మకు కట్టిన. మా ఆమె వాటిల యాలకులు గూడ వేసింది. కట్టి దండం పెడుతుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ నీళ్లు చూసి స్వాములందరికి ఒళ్లు పులకరించింది. శరణాలతోని అడవి మారుమోగింది. కన్నెస్వామి కండ్లు మూసుకొని చాన సేపు మొక్కిండు.

ఆయన ఏం మొక్కిండో ఊరికి వచ్చినంక తెలిసింది. మాల తీసినంక గూడ మందు ముట్టలే. నెల అయింది, ముట్టలే. ఉగాది అయింది, ముట్టలే. ఆయన భార్య మా ఇంటికి వచ్చి గడప మీద కూసొని ఏడ్చింది. "అన్నా, గా ఏనుగు మూట నా సంసారం నిలవెట్టింది. వచ్చేయేడు నా చేతులతోని నేను కడత," అన్నది.

అప్పుడు చెప్పాల్సి ఉండె. చెప్తే ఆయన మళ్ల సీసా పట్టుకుంటడేమోనని భయపడ్డనని ఇన్నేండ్లు అనుకున్న. ఉత్తదే. ఆమె నాకు దండం పెడుతుంటే నాకు మంచిగ అనిపించింది. అంతే.

మరుసటేడు ఇరవై రెండు మూటలు. మాతలందరు, అంటే స్వాముల ఇంటి ఆడోళ్లు, వచ్చి నన్నే అడిగిండ్రు, "గురుస్వామీ, వాన పడితే బట్ట మూట తడుస్తది గద, చీమలు పడతయి గద, ఎట్ల?" అని. తెల్వదనుడు నాకు అలవాటు లేదు. "కవర్ల పెట్టుండ్రి. రెండు కవర్లు వేసి గట్టిగ ముడి కట్టుండ్రి," అన్న. ఆ యేడు సుల్తాన్‌పూర్ స్వాములు మా వెనుక నడిచిండ్రు. వాళ్లు చూసి కట్టిండ్రు. ఆ పైయేడు అమీన్‌పూర్ అపార్టుమెంట్ల స్వాములు కాజు, బాదం, ఎండు ఖర్జూరం జిప్పు కవర్లల్ల పెట్టి తెచ్చిండ్రు. వాళ్లకు ఈ ఆచారం యాడికెళ్లి వచ్చిందని అడిగితే, "పాతకాలం సంది ఉన్నదే కదా స్వామీ" అన్నరు. కొమ్మలకు జాగ చాలక పక్క చెట్టుకు గూడ కట్టుడు షురూ చేసిండ్రు.

నాకు తెల్వక చేసిన అని అనుకోకుండ్రి. మా అమీన్‌పూర్ చెరువు కాడికి ఆదివారం పొద్దున కెమెరాలు పట్టుకొని పట్నపోళ్లు పిట్టలను చూడనీకి వస్తరు. ఒకాయన బాతులకు బ్రెడ్డు ముక్కలు ఇసురుతుంటే నేనే పోయి గదమాయించిన. "ఏంది సారూ, చదువుకున్నరు గద. అడవి జీవాలకు మన తిండి పెడితే జబ్బు చేస్తదని తెల్వదా?" అన్న. పాపం ఆయన సిగ్గువడి బ్రెడ్డు సంచిల పెట్టుకున్నడు. నేను అక్కడికెళ్లి సీద కిరాణం దుకాణానికి పోయి, మూటకు బెల్లం తెచ్చుకున్న.

ముందటేడు కరిమల దిగుతుంటే తొవ్వకు అడ్డంగ తాడు కట్టి ఉంది. ఒక రెండు వందల మంది స్వాములను కూసోపెట్టిండ్రు. కింద లోయల ఏనుగు ఉందని చెప్పిండ్రు. తాడు కాడ అడవి కాపలాయన నిలవడ్డడు. పొట్టి మనిషి, ఖాకీ అంగి, నా వయసే ఉంటది. ఆ అడవిలనే పుట్టి పెరిగిన గిరిజనుడట. యేటేటా స్వాములతోని మాట్లాడి మాట్లాడి నాలుగు భాషలు కొంచెం కొంచెం నేర్చిండు. చేతుల ఒక కట్టె ఉంది. ఆ కట్టెతోని ఏనుగు లద్దెను పగలగొట్టి, విడదీసి చూస్తున్నడు. మా దగ్గర కంది పప్పుల రాళ్లు ఏరినట్టు చూస్తున్నడు.

"మీలో గురుస్వామి ఎవరు? చదువుకున్న స్వామి?" అని తెలుగుల అడిగిండు.

అందరు నన్ను చూపెట్టిండ్రు. నేను ఠీవిగ లేచి పోయిన.

పోయినంక కింద లోయల చూపెట్టిండు. వెదురు పొదల పక్కన తల్లి ఏనుగు, దాని కాళ్ల కాడ పిల్ల. మా బర్రె దూడ కన్న జెర పెద్దగుంటది. తొండం కిందికి ఏలాడేసుకొని నిలవడ్డది. తల్లి ముంగటి కాలుతోని మెల్లగ నూకుతున్నది. పిల్ల ఒక్క అడుగు వేసి మళ్ల నిలవడుతున్నది.

"రెండు రోజులు అయింది స్వామీ. పిల్ల లద్దె వెయ్యలేదు," అన్నడు. "తల్లి వేసిన దాంట్లో కవర్లు వచ్చినాయి. పెద్దది కాబట్టి వచ్చినాయి. పిల్లకు లోపల ఇరుక్కుంది. పైన చెట్టుకు స్వాములు తీపి కడతారు కదా, ఆ వాసనకు ఇవి లోయలోంచి ఎక్కి వస్తాయి. ముడి విప్పి కడితే తీపి తిని కవరు వదిలేస్తాయి. ముడి గట్టిగా ఉంటది. మొత్తం మింగుతాయి."

"మీరు తీసి పారేయొచ్చు గద?"

"పోయిన సంవత్సరం తీసినాను. మొక్కు మీద చెయ్యి వేస్తావా అని స్వాములు నన్ను తోసినారు." మోచెయ్యి మీద మచ్చ చూపెట్టిండు. కోపంతోని చూపెట్టలే. "ఎవరు కడతారో, ఏ ఊరు వాళ్లో తెలిస్తే పెద్ద సార్లు ఆ ఊరికే కబురు పంపిస్తామన్నారు. అక్కడే ఆగిపోతుంది. ఊరు పేరు దొరికితే చాలు."

ఒక ఆకుల పెట్టి దాచిన కవరు ముక్క తీసిండు. ఏట్ల కడిగినట్టున్నడు, శుభ్రంగ ఉంది. "నాకు తెలుగు, కన్నడం రెండూ జాంగ్రీ లాగే కనబడతాయి. ఇది ఏం భాష? ఏ ఊరు రాసింది? చదవండి స్వామీ."

ఎర్ర అక్షరాలు. సగం చెరిగిపోయినయి. మిఠాయి దుకాణం పేరు పోయింది. కింద వరుసల మా దిక్కు ఊరు పేరు మాత్రం బరాబర్ ఉంది. పటాన్‌చెరు అని.

నేను ఆ కవరును రెండు చేతులతోని కండ్లకు అద్దుకున్న. "స్వామీ, ఇది తెలుగు. ఇది మాదే. ఈ ఊరు మాదే. ఈ మూట కట్టుడు మొదలువెట్టింది గూడ నేనే. ఆచారం లేదు, ఏం లేదు, నేను దాచుకున్న లడ్డూల కోసం ఆడిన అబద్ధం," అని రెండు వందల మంది వినంగ చెప్పిన. కాపలాయన నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పినావు కదా స్వామీ, చాలు," అన్నడు. మేం ఇరవై రెండు మందిమి మళ్ల కరిమల ఎక్కినం. చెట్టుకు కట్టిన మూటలన్ని విప్పినం. తీసిన కవర్లు ఆరు బస్తాలు అయినయి. కింద లోయల నుంచి తల్లి ఏనుగు తొండం ఎత్తి మా దిక్కు చూసి ఒక్కసారి ఘీంకరించింది. ఆ సాయంత్రానికి పిల్ల లద్దె వేసిందని కబురు వచ్చింది. పంబల మునుగుతుంటే నా ఒళ్లు దూది లెక్క తేలికయింది.

ఇక్కడి దాక రాసి మా ఆమెకు చదవమని ఇచ్చిన. నలభై ఒక్క రోజులు ఆమె గూడ నన్ను స్వామి అనే పిలుస్తది, తిట్టేటప్పుడు గూడ మర్యాదగనే తిడుతది. గోడకు ఒరిగి కూసొని మెల్లగ చదివింది. లడ్డూల కాడ ఒకసారి నా దిక్కు చూసింది. తర్వాత చివరి దాక తల ఎత్తలే. చదివినంక కాయిదాలు మడిచి ఒళ్లె పెట్టుకున్నది.

"స్వామీ, మీరు ముందటేడే ఒప్పుకున్నరు గద."

"ఔ."

"అందరు వినంగ ఒప్పుకున్నరు. మూటలన్ని విప్పిండ్రు."

"ఔ మాత."

"మరి పోయినేడు నాతోని మూట ఎందుకు కట్టిపిచ్చిండ్రు?"

  ఆమె కాయిదాలు నా ముంగట పెట్టి, పొయ్యి మీద పాలు చూసుకోనీకి లోపలికి పోయింది.

ఇగ రాసేది ఆమె పోయినంక రాస్తున్న.

కవరు నా చేతుల పెట్టినంక నేను చదివిన. పటాన్‌చెరు అని రాసుంది. ఆ మాట నిజం. లోయల పిల్ల నిజం. కాపలాయన మోచేతి మచ్చ నిజం. నా వెనుక క్రేన్ నడిపే స్వామి వచ్చి నిలవడ్డడు. ఇప్పుడు ఆయన కన్నెస్వామి గాదు, నాలుగో మాల. ఆయన గూడ ఆ కవరు చూసిండు. ఆయనకు గూడ తెలుగు వస్తది.

నేను కవరును ఎండకు పెట్టి, కండ్లు చిట్లించి, పెద్ద పండితుని లెక్క అటు ఇటు తిప్పి చూసి, "ఇది కన్నడం స్వామీ," అన్న.

"కన్నడమా? కచ్చితంగా?"

"కచ్చితం. నాకు చదవరాదు గని అక్షరాలు గుర్తు పడత."

కాపలాయన నాకు చేతులు జోడించి దండం పెట్టిండు. "మీరు చెప్పినారు కాబట్టి సరిపోయింది. ఇన్ని రోజులు ఎవరిని అడగాలో తెలియలేదు," అన్నడు. కవరును మళ్ల ఆకుల చుట్టి జేబుల పెట్టుకున్నడు.

తాడు విప్పినంక మమ్ముల పొమ్మన్నరు. మా వెనుక కర్ణాటక స్వాముల గుంపు ఉంది. వాళ్లను మాత్రం ఆపిండ్రు. తలమీది ఇరుముడి జోలికి పోలే గని, భుజం సంచులు విప్పి చూపెట్టమన్నరు. అందరికన్న ముందు ఒక పెద్దాయన, డెబ్బై ఏండ్లుంటయి, కింద కూసొని తన సంచి విప్పిండు. ఒక పంచె, ఒక గ్లాసు, మందు గోలీలు. ఒక్కొక్కటి తీసి నేల మీద పెట్టుకుంట, ఎందుకు చూస్తున్నరో తెల్వక, కాపలాయన ముఖం దిక్కు చూసి నవ్వుతున్నడు. నేను ఆయన పక్కకెళ్లి నడిచిపోయిన. పోతూ పోతూ అందరికన్న గట్టిగ శరణం కొట్టిన.

పంబ వచ్చే దాక క్రేన్ స్వామి నా వెనుకనే నడిచిండు. తిడతడేమో అనుకున్న. తిడితే బాగుండు అని గూడ అనుకున్న. పంబల దిగేముందు నా పక్కకు వచ్చి, మెల్లగ, "గురుస్వామీ, మీరు గట్ల చెప్పిండ్రంటే దాంట్ల ఏదో అర్థం ఉంటది. నాకు తెల్వదు గని ఉంటది," అన్నడు. అని మూడు మునకలు మునిగిండు.

పోయినేడు పోయేసరికి కరిమల మీద చెట్లకు కొత్త బోర్డులు ఉన్నయి. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. మూట బొమ్మ గూడ ఏం లేదు, ఉత్త రాతనే. రాత కన్నడంల. కన్నడం అక్షరాలు సగం మన తెలుగు లెక్కనే ఉంటయి, కూడబలుక్కుంటే ఏముందో నాకు సమజైంది. మా స్వాములకు గూడ సమజైతుండె, ఆగి చదివితే. గని పరాయి భాష బోర్డును ఎవరు ఆగి చదువుతరు? వాటి కిందనే మూటలు కట్టిండ్రు. ముందు గురుస్వామి కట్టాలె గద, అందుకే అందరికన్న ముందు నేనే కట్టిన. మా ఆమె చేతి ముడి, రెండు కవర్లు.

కింద ఏటి కాడ కాపలాయన నన్ను గుర్తుపట్టిండు. "కన్నడం చదివిన స్వామి," అని ఇంకో కాపలాయనకు చూపెట్టి, నాకు బెల్లం టీ పోసి ఇచ్చిండు. బోర్డులు చూసినారా, బాగున్నాయా అని అడిగిండు. బాగున్నయి అన్న. పిల్ల సంగతి అడగొద్దని గట్టిగ అనుకొని, అడిగిన.

"తల్లి ఒక్కతే తిరుగుతుంది స్వామీ," అన్నడు. "ఆ చెట్టు దగ్గరికి ఇప్పటికీ వస్తుంది." టీ గ్లాసు ఖాళీ అయిందా అని వంగి చూసి, ఇంకొంచెం పోసిండు. నేను తాగిన.

రేపు మా ఇంట్ల పడిపూజ. గల్లీ మాతలందరు మూటలు పట్టుకొని వస్తరు. క్రేన్ స్వామి భార్య అందరికన్న ముందు వస్తది. నోటితోని చెప్తే గురుస్వామి మళ్ల ఏదో ముచ్చట షురూ చేసిండని నవ్వుతరు, లేకపోతే మమ్ముల పరీక్ష పెడుతున్నడని అనుకుంటరు. అందుకే రాసుడు. కాయిదం మీద పెడితే నేను అటు ఇటు తిప్పలేనని అనుకున్న. కాయిదం మీద గూడ తిప్పిన.

మొదట ఒట్టు పెట్టిన గద, ఏది కల్పించిందో చెప్పాలె. బస్తాల కొద్ది కవర్లు విప్పుడు, తల్లి ఏనుగు తొండం ఎత్తుడు, పిల్ల బాగైందని కబురు వచ్చుడు, ఇవన్ని కల్పించిన. కాపలాయన నా భుజం మీద చెయ్యి వెయ్యలే. అన్నిటికన్న పెద్ద అబద్ధం, 'మాదే' అని నేను అన్న అని రాసిన మాట. ఆ మాట నేను అక్కడ అనలే. ఆయనతోని గాదు, ఎవ్వలతోని గూడ ఇప్పటి దాక అనలే.